సూర్యుడి బొమ్మ గుండ్రంగా రావాలంటే లేసు చెయ్యి మార్చుకోవాలి

మీ ప్రశ్న చదివాను, ఫొటోలు కూడా పెద్దవి చేసి చూశాను. మీ అక్కగారి పాపకు 8 నెలలు. రథసప్తమి లోపు పాప చేతికి ఒక చిన్న సూర్యుడి బొమ్మ అల్లి ఇవ్వాలనుకున్నారు. నర్సాపురంలో అమ్మమ్మ దగ్గర లేసు అల్లిక, అంటే కొక్కెం సూదితో అల్లే క్రోషే, నేర్చుకున్నారు కాబట్టి చైను, సింగిల్, డబుల్ కుట్లన్నీ వచ్చు. అయినా బొమ్మ దగ్గరకొచ్చేసరికి ముఖం గుండ్రంగా కాకుండా ఆరు పలకలుగా వస్తోంది, లోపలి దూది తెల్లతెల్లగా కనిపిస్తోంది, కిరణాలు చుట్టుకుపోతున్నాయి, కళ్ళూ నోరూ ఎక్కడ పెట్టినా ముఖం కుదరడం లేదు. బాగా వస్తే ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చా అని కూడా అడిగారు.

మీకు అల్లిక రాకపోవడం కాదు సమస్య. మీది లేసు చెయ్యి, అంతే. ఫొటోలో కనిపిస్తున్న తేడాల్లో చాలావాటికి మూలం ఒకటే. లేసులో ఖాళీలే అందం. దారం వదులుగా నడవాలి, అల్లిక జారుగా వేలాడాలి. 1840ల్లో మిషనరీల ద్వారా నర్సాపురం, పాలకొల్లు వైపు వచ్చిన ఈ విద్య తరతరాలుగా టేబుల్ గుడ్డల మీద, పళ్ళాల కింద పరిచే గుండ్రటి డోయిలీల మీద పండింది. 2024లో జీఐ, అంటే ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది. ఆ ఇళ్ళలో పెరిగిన ఆడపిల్లల వేళ్ళకు దారాన్ని వదులుగా వదిలే అలవాటు తెలియకుండానే వచ్చేస్తుంది. బొమ్మకు కావలసింది దానికి పూర్తిగా ఎదురు. బొమ్మ ఒంటికి చిల్లు ఉండకూడదు. గోరు దూరనంత బిగువైన గుడ్డ తయారవ్వాలి. కింద నేను చెప్పే సవరణల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మార్పు కోసమే.

ముందు ఊలు, సూది. మీరు వాడింది 4 ప్లై యాక్రిలిక్, 4 మిల్లీమీటర్ల సూది. ఉండ మీది చీటీలో ఆ సైజే రాసి ఉంటుంది, కానీ ఆ లెక్క స్వెటర్లకూ శాలువాలకూ. బొమ్మలకు చీటీలో ఉన్నదాని కంటే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గించాలి. మీ ఊలుకు 2.5 లేదా 3 మిల్లీమీటర్ల సూది చాలు. 'పోనీ' అనే కంపెనీ అల్యూమినియం సూదులు ఊళ్ళలో ఫ్యాన్సీ షాపుల్లో కూడా దొరుకుతాయి. లేసుకు వాడే సన్నని స్టీలు సూది మాత్రం ఊలుకు పనికిరాదు, కొక్కెంలో పోగు సగమే పట్టి చీలిపోతుంది.

యాక్రిలిక్ తప్పేమీ కాదు. చవక, కడగడం తేలిక, రంగు గట్టిగా నిలుస్తుంది. కానీ పాప నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి నేనైతే కాటన్‌కో, మిల్క్ కాటన్‌కో వెళ్తాను. కాటన్ సాగదు, కుట్టు స్పష్టంగా కనిపిస్తుంది, నోట్లో నూగు ఊడదు. వెల్వెట్‌లా మెత్తగా ఉండే షెనీల్ ఊలు, బొచ్చు ఊలు ఎంత ముద్దొచ్చినా ఈ వయసుకు వద్దు. కాటన్‌లో ఒక ఇబ్బంది ఉంది. నారింజ, ఎరుపు రంగులు కొన్ని ఉండల్లో దిగుతాయి. అల్లకముందే ఒక మూర దారం తడిపి తెల్ల గుడ్డలో చుట్టి గట్టిగా పిండండి. గుడ్డకు రంగు అంటితే ఆ ఉండ గుమ్మం తోరణాలకు పెట్టుకోండి, పాప బొమ్మకు కాదు. పరిమాణం అడిగారు కదా, అరచేతిలో పట్టే బొమ్మకు పసుపు పాతిక గ్రాములు, నారింజ పది పదిహేను గ్రాములు సరిపోతాయి.

ఇక మొదలు. మీరు నాలుగు చైన్లు వేసి గుండ్రంగా కలిపి అందులో అల్లారు. డోయిలీకి అదే పద్ధతి, మధ్యలో చిల్లు ఉంటేనే అక్కడ అందం. బొమ్మలో ఆ చిల్లు సరిగ్గా ముఖం నడుమ, ముక్కు ఉండాల్సిన చోట పడుతుంది. మ్యాజిక్ రింగ్ వేయండి. దారం వేలికి ఒక చుట్టు కాదు, రెండు చుట్లు తిప్పి అందులో 6 సింగిల్స్ అల్లి తోక, అంటే దారం కొస, లాగితే చిల్లు మూసుకుపోతుంది. రెండు చుట్ల రింగు పిల్లలు లాగినా తెరుచుకోదు. తోకను లోపలి వైపు ఒకసారి ఎడమకు, మళ్ళీ వెనక్కి కుడికి కుట్టి దాచండి. మ్యాజిక్ రింగ్ ఎంతకీ చేతికి పట్టకపోతే 2 చైన్లు వేసి, మొదటి చైనులోనే 6 సింగిల్స్ వేసినా దాదాపు అదే పని జరుగుతుంది.

ఇక్కడ ఇంకో లేసు అలవాటు వదలాలి. డోయిలీలో ప్రతి రౌండునూ రెండు కొసలను కలిపే పొట్టి కుట్టు అయిన స్లిప్ స్టిచ్‌తో కలిపి, 3 చైన్లు లేపి కొత్త రౌండు మొదలుపెడతాం. బొమ్మలో అలా చేస్తే ముఖం మీద ఒక గీత, గాయం మచ్చలా పైనుంచి కిందికి పడుతుంది. మీ రెండో ఫొటోలో ఎడమ బుగ్గ మీద ఉన్నది అదే. రౌండ్లను కలపకండి. మర చుట్టులా అలా తిరుగుతూ పోనివ్వండి. ఎక్కడ మొదలైందో తెలియడానికి ప్రతి రౌండు మొదటి కుట్టుకు వేరే రంగు దారం ముక్క తగిలించండి. పిన్నీసు కూడా పెట్టుకోవచ్చు, కానీ పని అయ్యాక అది డబ్బాలోకి వెళ్ళిందో లేదో చూసుకోండి.

గుండ్రం లెక్క చెప్తాను. సింగిల్స్‌తో అల్లేటప్పుడు రౌండుకు 6 కుట్లు పెంచితే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది. సింగిల్‌కూ డబుల్‌కూ మధ్య ఎత్తున్న హాఫ్ డబుల్ అయితే సుమారు 8, డబుల్ అయితే 12. డబుల్ పొడవు ఎక్కువ కాబట్టి చుట్టుకొలత కూడా త్వరగా పెరగాలి, అందుకే ఆ తేడా. మీరు డోయిలీ లెక్క ప్రకారం సింగిల్స్‌కు కూడా 12 చొప్పున పెంచినట్టున్నారు, మొదటి ఫొటోలో అంచు అలలు తిరిగింది అందుకే. ఆ అలల మీద ఒక పిట్టకథ ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన డైనా తైమినా అనే గణిత అధ్యాపకురాలు 1997లో కావాలనే కుట్లు ఎక్కువ పెంచి, అలలు తిరిగిన క్రోషే ముక్కలు అల్లారు. అలలుగా వంగే తలాల లెక్క అయిన హైపర్బోలిక్ జ్యామితిని విద్యార్థులు చేత్తో పట్టుకుని అర్థం చేసుకోవడానికి. కాబట్టి మీ మొదటి ప్రయత్నం లెక్కల క్లాసుకు పనికొస్తుంది, సూర్యుడికి మాత్రం పనికిరాదు.

ఆరు పలకలు రావడానికి కారణం వేరు. పెంచే కుట్టు ప్రతి రౌండులోనూ కింది పెంపు మీదే పడుతోంది. ఒకే చోట పేరుకుంటే అక్కడ మూల తేలుతుంది. సరి సంఖ్య రౌండ్లలో పెంపును సగం దూరం పక్కకు జరిపితే మూలలు మాయమవుతాయి. కింద రాసిన లెక్కలో ఆ జరుపు ఇప్పటికే ఉంది. ఇంక్రీజ్ అంటే ఒకే కుట్టులో 2 సింగిల్స్. డిక్రీజ్ అంటే 2 కుట్లను కలిపి ఒకటి చేయడం.

1వ రౌండు: రింగులో 6 సింగిల్స్.
2వ రౌండు: ప్రతి కుట్టులో ఇంక్రీజ్. మొత్తం 12.
3వ రౌండు: 1 సింగిల్, 1 ఇంక్రీజ్, ఇలా 6 సార్లు. మొత్తం 18.
4వ రౌండు: 1 సింగిల్, 1 ఇంక్రీజ్, తర్వాత 2 సింగిల్స్, 1 ఇంక్రీజ్ 5 సార్లు, చివర 1 సింగిల్. మొత్తం 24.
5వ రౌండు: 3 సింగిల్స్, 1 ఇంక్రీజ్, 6 సార్లు. మొత్తం 30.
6వ రౌండు: 2 సింగిల్స్, 1 ఇంక్రీజ్, తర్వాత 4 సింగిల్స్, 1 ఇంక్రీజ్ 5 సార్లు, చివర 2 సింగిల్స్. మొత్తం 36.
7, 8, 9 రౌండ్లు: పెంచకుండా 36.
10వ రౌండు: 36, కానీ ప్రతి కుట్టు తల మీద కనిపించే రెండు పోగుల్లో వెనకదానిలోనే అల్లాలి. ముందు పోగులు ఖాళీగా మిగులుతాయి, కిరణాలు వాటి మీదే మొలుస్తాయి.
11, 12 రౌండ్లు: మళ్ళీ మామూలుగా 36.
13వ రౌండు: 4 సింగిల్స్, 1 డిక్రీజ్, 6 సార్లు. మొత్తం 30. ఇక్కడ ఆగాలి.

ఆరు రౌండ్లు పెంచాం, ఆరు రౌండ్లు నిలిపాం, ఆ తర్వాత దించుతున్నాం. 36 కుట్ల చుట్టుకొలతకు ఈ కొలత దాదాపు పూర్తి బంతి ఇస్తుంది. మీ ఊలుతో 3 మిల్లీమీటర్ల సూదికి ఆరున్నర, ఏడు సెంటీమీటర్ల బంతి వస్తుంది. మధ్యలో నిలిపే రౌండ్లు పెంచితే కోడిగుడ్డు, తగ్గిస్తే అప్పం.

ఇంగ్లీషు ప్యాటర్న్ ఏదైనా చూస్తూ అల్లితే అది అమెరికాదా, బ్రిటన్‌దా చూసుకోండి. మనం సింగిల్ అంటున్నదాన్ని బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అని రాస్తారు. ఆ ఒక్క తేడాతో బొమ్మంతా జల్లెడ అయిపోతుంది.

బిగువు గురించి. దారాన్ని వేళ్ళతో గట్టిగా లాగి పట్టుకుంటే బిగువు వస్తుందనుకుంటాం. రాదు, వేళ్ళు నొప్పి పుడతాయి, పైగా తర్వాతి రౌండులో సూది దూరదు. సూది సైజు తగ్గించడమే అసలు మార్గం. దానికి తోడు ఒక చిన్న కిటుకు. సింగిల్ వేసేటప్పుడు సూదిని కుట్టులో దూర్చాక మనం దారాన్ని సూది మీదుగా తిప్పి లాగుతాం. అలా కాకుండా, సూదిని దారం మీదికి పోనిచ్చి కొక్కెంతో దారాన్ని పైనుంచి పట్టి నేరుగా లాగండి. సూది మీద రెండు పోగులు పడ్డాక వాటిలోంచి లాగేటప్పుడు మాత్రం మామూలుగానే తిప్పండి. చూడ్డానికి తేడా ఏమీ ఉన్నట్టు ఉండదు. అల్లిక దగ్గరగా పెట్టి చూస్తే ప్రతి కుట్టూ ఇంగ్లీషు వీ అక్షరంలా కాకుండా ఎక్స్ అక్షరంలా ఉంటుంది. ఎక్స్ కుట్టుకు దారం తక్కువ పడుతుంది కాబట్టి ఖాళీ కూడా తక్కువ. ఇంకో లాభం, మర చుట్టు అల్లికలో కుట్లు నెమ్మదిగా కుడి వైపుకు వాలుతూ పోతాయి, ఈ పద్ధతిలో ఆ వాలు తగ్గుతుంది.

మీ మూడో ఫొటోలో బొమ్మ తిరగబడి ఉంది. లోపలి వైపు బయటికి పెట్టి అల్లుతున్నారు. మంచి వైపు మీద కుట్లు నిలువు వరుసల్లా కనిపిస్తాయి, తప్పు వైపు అడ్డంగా చిన్న చిన్న గీతలు ఉంటాయి. అల్లుతున్నప్పుడు గిన్నెలా ఉన్న అల్లిక నోరు పైకి ఉండి, మీ సూది మీకు దగ్గరున్న బయటి అంచు మీద పని చేస్తుంటే సరైన వైపున్నట్టు. అవతలి అంచు మీద, గిన్నె లోపల్నుంచి పని చేస్తుంటే తిరగబడినట్టు. మూడు నాలుగు రౌండ్లు అయ్యాక ఒకసారి చూసుకుని బొటనవేలితో తిప్పేస్తే సరిపోతుంది.

ఇప్పుడు కిరణాలు. నాకు ఇష్టమైన భాగం, ఎక్కువ మంది పాడు చేసుకునేదీ ఇదే. విడిగా అల్లి కుట్టడం ఒక పద్ధతి. అలంకరణ బొమ్మకు బాగుంటుంది. పళ్ళు వస్తున్న పాప ఒక్కో కిరణాన్నీ పట్టి పీకుతుంది, నములుతుంది. కుట్టినది ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. కాబట్టి బొమ్మ ఒంటిలోంచే కిరణాలు అల్లుకోవాలి. పదో రౌండులో వదిలిన ముందు పోగులు అందుకే.

13వ రౌండు దగ్గర పసుపు దారాన్ని కత్తిరించకుండా, పోగు జారకుండా దానికి ఒక పిన్ను తగిలించి పక్కన పెట్టండి. తెరిచిన మూతి పైకి, ముఖం కిందికి ఉండేలా పట్టుకోండి. ఇలా పట్టుకుంటే కిరణాల మంచి వైపు ముఖం వైపుకు తిరుగుతుంది. ఏదో ఒక ముందు పోగులో నారింజ దారాన్ని స్లిప్ స్టిచ్‌తో కలపండి. 5 చైన్లు వేయండి. సూది నుంచి రెండో చైనుతో మొదలుపెట్టి కిందికి దిగుతూ వరుసగా ఒక స్లిప్, ఒక సింగిల్, ఒక హాఫ్ డబుల్, ఒక డబుల్ వేయండి. ఒంటి మీద 2 పోగులు వదిలి మూడోదానిలో స్లిప్ స్టిచ్. ఒక కిరణం అయింది. ప్రతి కిరణం 3 పోగులు తీసుకుంటుంది, 36 పోగులకు సరిగ్గా 12 కిరణాలు. ద్వాదశాదిత్యులకు లెక్క సరిపోయిందని మా ఇంట్లో పెద్దవాళ్ళు సంబరపడ్డారు. నిజానికి 36ని 3తో భాగిస్తే వచ్చింది, నేను పంచాంగం చూసి పెట్టలేదు.

మీ కిరణాలు ముడుచుకుపోవడానికి కారణం చైను. చైనుకు ముందు వైపు రెండు పోగులు, వెనక వైపు వెన్నెముకలా ఒక చిన్న బొడిపె ఉంటాయి. మీరు పై పోగు ఒక్కటే పట్టి అల్లుతున్నారు, దాంతో కిరణం ఒక పక్కకే బరువై చుట్టుకుంటోంది. చైనును తిప్పి వెనక బొడిపెల్లో అల్లండి. రెండు పక్కలా అంచు సమానంగా వస్తుంది, కిరణం నిటారుగా నిలబడుతుంది. ఆ 5 చైన్లు మాత్రం కాస్త వదులుగా ఉండాలి. బొమ్మ మొత్తంలో మీ లేసు చెయ్యి పనికొచ్చే చోటు ఇదొక్కటే.

కొందరు కిరణానికి బదులు ఒకే కుట్టులో ఐదు డబుల్స్ వేసి గుండ్రటి రేకలు పెడతారు. తేలికే, తప్పూ లేదు. కానీ పసుపు ముఖం చుట్టూ గుండ్రటి రేకలుంటే అది పొద్దుతిరుగుడు పువ్వు. సూర్యుడికి కొస ఉండాలని నా పట్టుదల.

అన్నీ అయ్యాక కిరణాలు ఇంకా కొద్దిగా వంగి ఉంటే, కాటన్ అయితే తడిపి, థర్మాకోల్ మీద గుండుసూదులతో చదునుగా పరిచి ఆరనివ్వండి, తర్వాత ఎన్ని సూదులు గుచ్చారో అన్నీ లెక్కపెట్టి తీయండి. యాక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి. వేడికి అది కరిగి చచ్చుబడిపోతుంది, మళ్ళీ ప్రాణం రాదు. బొమ్మకు దూది పట్టించకముందే, ఆవిరి దూరం నుంచి క్షణం తగిలించి వేళ్ళతో సర్దితే చాలు.

ముఖం. 8 నెలల పాపకు ప్లాస్టిక్ కళ్ళు వద్దే వద్దు. సేఫ్టీ ఐస్ అని అమ్ముతారు, వెనక బిళ్ళ బిగుస్తుంది, నిజమే. బిళ్ళ గట్టిగానే ఉంటుంది, సాగేది మన అల్లిక. వదులైన కుట్టులోంచి కన్ను బిళ్ళతో సహా బయటికి వస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లలకు పూసలు, గుండీలు, బటన్లు, గజ్జెలు ఏవీ పెట్టకూడదు. గొంతులో అడ్డుపడే చిన్న వస్తువుల్ని పరీక్షించడానికి ప్రయోగశాలల్లో సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా ఈ వయసుకు ప్రమాదమే. బొమ్మ కన్ను దాని ముందు ఎంత? కాబట్టి కళ్ళు దారంతో కుట్టండి.

కుట్టేముందు దూది తాత్కాలికంగా కూరి బంతి ఆకారం తెప్పించండి. ఖాళీ సంచి మీద కుట్టిన ముఖం దూది పట్టాక సాగి వేరే మనిషిలా అయిపోతుంది. మీకు కుదరకపోవడానికి ఇదే ముఖ్య కారణమనుకుంటున్నాను. మొదటి రౌండు రింగు ముఖానికి నడుమ. కళ్ళు నాలుగో రౌండు మీద, అటొకటి ఇటొకటి, నడుమకు ఒక కుట్టంత కిందుగా పెట్టండి. నోరు కళ్ళ మట్టానికి కొంచెమే కింద, మూడు నాలుగు కుట్ల వెడల్పుకు మించకుండా. కళ్ళు పైకి జరిగి నోరు కిందికి జారితే పెద్దమనిషి ముఖం అవుతుంది, మూడూ దగ్గరగా, కిందుగా ఉంటే పసి ముఖం. మీ బొమ్మలో కళ్ళు నుదుటి మీదికి వెళ్ళాయి, అందుకే ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంది. నిద్రపోతున్నట్టు కిందికి వంగిన రెండు నల్ల గీతలైతే ఇంకా తేలిక. గీత మధ్యలో ఒక చిన్న టాకా వేసి కిందికి పట్టి ఉంచితే వంపు నిలుస్తుంది. బుగ్గలకు గులాబీ రంగు దారంతో రెండు మూడు పోగులు. కొన్ని క్యాలెండర్ బొమ్మల్లో సూర్యుడికి మీసాలుంటాయి కదా, పెద్ద పిల్లలకు అల్లేటప్పుడు ఆ మీసం పెట్టి చూడండి, ఇంట్లో గొడవపడి మరీ తీసుకుంటారు. ముడులన్నీ లోపలే ఉండాలి. తాత్కాలిక దూది తీసి, తెరిచిన మూతిలోంచి ముడులు వేసి, అప్పుడు అసలు దూది పట్టించండి.

దూది అంటున్నాను గానీ నిజానికి దిండ్లలో నింపే తెల్ల పాలియెస్టర్ ఫైబర్ వాడండి. మీరు వాడిన బూరుగు దూది దిండుకు రాజా లాంటిది. బొమ్మకు మాత్రం రెండు చిక్కులు. సన్నని పోగులు కుట్లలోంచి బయటికి వస్తాయి, ఉతికితే ఉండ కడుతుంది. ఫైబర్‌ను ఉండలుగా కూరకండి. వేళ్ళతో బాగా విప్పి, పొగలా చేసి, కొద్దికొద్దిగా అంచుల వైపు మొదట, నడుమ చివర పెట్టండి. బొమ్మను నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. కానీ కుట్లు విచ్చుకునేంత కూరితే ఇంత కష్టపడి తెచ్చుకున్న బిగువు వృథా. మిగిలిన ఊలు ముక్కలు లోపల నింపే పొదుపు మాత్రం చేయకండి, ముదురు రంగులు పసుపులోంచి మచ్చల్లా కనిపిస్తాయి.

14వ రౌండు 3 సింగిల్స్, 1 డిక్రీజ్ 6 సార్లు, 24. తర్వాత 2 సింగిల్స్‌కు ఒక డిక్రీజ్, 18. తర్వాత 1 సింగిల్‌కు ఒక డిక్రీజ్, 12. ఆఖరి రౌండు అన్నీ డిక్రీజ్‌లే, 6. ప్రతి రౌండు తర్వాతా కొంచెం ఫైబర్ పెడుతూ పోండి. డిక్రీజ్‌ను మామూలుగా రెండు కుట్లు కలిపి అల్లితే పక్కన చిన్న కన్నం పడుతుంది. రెండు కుట్ల ముందు పోగుల్లోంచి మాత్రమే సూది దూర్చి, రెండింటినీ కలిపి లాగి సింగిల్ పూర్తి చేయండి. ఎక్కడ తగ్గించారో వెతికినా దొరకదు. మిగిలిన 6 కుట్ల ముందు పోగుల్లోంచి పెద్ద కుట్టుసూదితో దారం పోనిచ్చి లాగితే మూతి మూసుకుంటుంది. సూదిని బొమ్మ అడ్డంగా ఆ చివరికి, మళ్ళీ ఈ చివరికి రెండు మూడు సార్లు తిప్పి, దారాన్ని ఒంటికి దగ్గరగా కత్తిరించండి.

పాపకు ఇచ్చేముందు మీరే ఒక్కో కిరణాన్నీ గట్టిగా లాగి చూడండి. మొహమాటం వద్దు, పాపకు ఉండదు. వేలాడదీసే దారం, రిబ్బను పెట్టకండి. ఉయ్యాల మీద కట్టే ఆలోచన ఉంటే అది కూర్చోవడం, లాగడం రాని పసికందుకే. 8 నెలల పిల్ల అందుకుని మెడకు చుట్టుకోగలదు. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు పక్కలో మెత్తటి బొమ్మలేవీ ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెప్తారు, ఇది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు ఆడుకోనివ్వండి, పడుకోబెట్టేటప్పుడు తీసేయండి. రథసప్తమి రోజు చిక్కుడుకాయల రథం పక్కన పెట్టి ఫొటో తీస్తానన్నారు, తప్పకుండా తీయండి, కానీ రథానికి గుచ్చిన చీపురు పుల్లలు పాపకు అందకుండా చూసుకోండి. ఉతకడానికి గోరువెచ్చని నీళ్ళు, కొంచెం పిల్లల సబ్బు. మెలిపెట్టి పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, గాలి తగిలే చోట ఆరబెట్టండి. లోపల తడి ఉండిపోతే వాసన వస్తుంది, కాబట్టి పైన ఆరినట్టు కనిపించినా ఇంకో పూట ఉంచండి.

ఇప్పటికే అల్లిన బొమ్మల సంగతి. అలలు తిరిగినది విప్పేయండి, ఆ దారం మళ్ళీ వాడుకోవచ్చు. దూది కనిపిస్తున్న రెండోది విప్పక్కర్లేదు. మూతి తెరిచి దూది తీసి, పాత పసుపు బనియన్ గుడ్డతో చిన్న సంచి కుట్టి లోపల పెట్టి, అందులో ఫైబర్ నింపండి. ఖాళీల్లోంచి కూడా పసుపే కనిపిస్తుంది. దాన్ని ఇంట్లో పెట్టుకోండి, పాపకు మాత్రం కొత్తది.

చివరి ప్రశ్న, అమ్మకం. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల ఆటబొమ్మలు అమ్మాలంటే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ధ్రువీకరణ, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతిపనివాళ్ళు తామే చేసి అమ్మే బొమ్మలకు ఇందులోంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ముందు చేయాల్సింది ఆ కార్యాలయం చేతిపనివాళ్ళకు ఇచ్చే గుర్తింపు కార్డుకు, అంటే పెహచాన్ కార్డుకు, దరఖాస్తు. నర్సాపురం లేసు అనే పేరు జీఐ కింద ఉంది, అది లేసుకు, నమోదైన వాళ్ళకు. మీ బొమ్మల మీద ఆ ముద్ర వేసి అమ్మకండి. మీ ఊరు నర్సాపురం అని చెప్పుకోవడానికి ఎవరూ అడ్డురారు. ధర దగ్గర ఊలు ఖరీదుకు రెండింతలు అని లెక్క వేసేవాళ్ళు చాలామంది. ఈ బొమ్మకు ఊలు ఖర్చు చాలా తక్కువ, గంటలు చాలా ఎక్కువ. మీకు ఒక బొమ్మకు ఎంత సమయం పట్టిందో రాసుకుని, ఆ గంటకు మీ దృష్టిలో కూలి ఎంతో వేసి, అప్పుడు ధర పెట్టండి. అంత ధరకు కొనేవాళ్ళు లేరనిపిస్తే కిరణాలు 12 నుంచి 9కి తగ్గించి, ఒక్కోదానికి 3కు బదులు 4 పోగులు ఇచ్చి అల్లండి. వదిలే పోగులు 2 బదులు 3 అవుతాయి, అడుగున డబుల్స్ 1 బదులు 2 వేసి, చైన్లు 5 బదులు 6 వేయాలి. బొమ్మ అందం తగ్గదు, పని మాత్రం కొంత తగ్గుతుంది.